ఏథెన్స్ అక్రోపోలిస్ చూడడం ఎలా: ఏ వేళకు, ఏ గేటు నుంచి, ఏ వరుసలో

ఏథెన్స్ నడిబొడ్డున, సముద్రమట్టానికి సుమారు 150 మీటర్ల ఎత్తున ఉన్న సున్నపురాయి గుట్ట అక్రోపోలిస్. మూడు వైపులా నిట్టనిలువుగా తెగి ఉంటుంది. నడిచి ఎక్కగలిగిన వాలు పడమర వైపు ఒక్కటే. పైన చదునుగా ఉన్న చోటు మూడు హెక్టార్లు, మన లెక్కలో ఏడెకరాల పైచిలుకు. ఏథెన్స్ కులదేవత ఎథీనా గుడి పార్థెనాన్‌తో పాటు మిగతా గుళ్ళన్నీ ఆ ఏడెకరాల్లోనే ఉన్నాయి.

ఎక్కువమంది పగలు పదకొండింటికి వచ్చి, ఎండలో, జనంలో పార్థెనాన్ ముందు ఫోటో దిగి ముప్పావు గంటలో కిందికి దిగిపోతారు. వాళ్ళు చూసింది సగమే. గుట్ట మీద ఉన్నది కట్టడం. దాని శిల్పాల్లో ఏథెన్స్‌లో మిగిలినవి దాదాపు అన్నీ కింద మ్యూజియంలో ఉన్నాయి. ఈ రెండింటినీ ఒకే రోజు, ముందు గుట్ట, తర్వాత మ్యూజియం అనే వరుసలో చూడండి. ఆ రోజును ఎలా అమర్చుకోవాలో కింద ఉంది.

వెళ్ళే ముందు ఈ చరిత్ర చాలు

అన్ని తేదీలూ బట్టీ పట్టక్కర్లేదు. ఐదు ఘట్టాలు గుర్తుంటే పైన కనిపించే ప్రతి రాయికీ అర్థం దొరుకుతుంది.

మొదటిది క్రీ.పూ. 480. పర్షియా చక్రవర్తి క్సెర్క్సెస్ సేన ఏథెన్స్‌ను పట్టుకుని గుట్ట మీది గుళ్ళను తగలబెట్టింది. పర్షియా మీద మారథాన్ యుద్ధంలో గెలిచాక మొదలుపెట్టిన పాత పార్థెనాన్ అప్పటికి సగంలో ఉంది. అది కూడా పోయింది. దాని స్తంభాల దిమ్మెలను ఏథెన్స్ వాళ్ళు పారేయలేదు, గుట్ట ఉత్తరపు గోడలో వరుసగా పేర్చారు. గుట్టకు ఉత్తరాన ఉన్న పాత వీధుల నుంచి తలెత్తి చూస్తే ఇప్పటికీ కనిపిస్తాయి.

రెండోది ఏథెన్స్ నాయకుడు పెరిక్లీజ్ కాలం. ఇప్పుడున్న పార్థెనాన్‌ను క్రీ.పూ. 447లో మొదలుపెట్టి 438కి నిలబెట్టారు. శిల్పాల పని 432 దాకా సాగింది. వాస్తుశిల్పులు ఇక్టినోస్, కల్లిక్రాటిస్. శిల్పాల పని నడిపించింది ఫిడియాస్. అంత పెద్ద కట్టడానికి పదిహేనేళ్ళే పట్టింది.

మూడోది గుడి చేతులు మారిన కాలం. కట్టిన సుమారు వెయ్యేళ్ళకు గుడి చర్చి అయింది. 15వ శతాబ్దంలో ఒట్టోమన్ తుర్కులు వచ్చాక మసీదు అయింది. కట్టడం అంతకాలం నిలవడానికి కారణం అది నిత్యం వాడుకలో ఉండడమే.

నాలుగోది 1687 సెప్టెంబరు 26. ఒట్టోమన్లు లోపల మందుగుండు దాచారు. మొరొసీని నాయకత్వంలోని వెనిస్ సేన పేల్చిన గుండు దాని మీద పడింది. పార్థెనాన్ మధ్యభాగం ఎగిరిపోయింది. పార్థెనాన్ రెండు వేల ఏళ్ళ పాతబడి కూలిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు, ఒక్క పేలుడుతో కూలింది.

ఐదోది 1801 నుంచి కొన్నేళ్ళు. బ్రిటిష్ రాయబారి ఎల్గిన్ మనుషులు మిగిలిన శిల్పాల్లో పెద్ద భాగాన్ని దించి లండన్‌కు తరలించారు. 1816లో బ్రిటిష్ ప్రభుత్వం వాటిని కొనుక్కుంది. గ్రీస్ ఇప్పటికీ తిరిగి ఇమ్మని అడుగుతూనే ఉంది.

కాలం, వేళ

ఏప్రిల్, మే, అక్టోబరు మంచి నెలలు. చలికాలంలో జనం తక్కువ, వాన పడితే మాత్రం రాయి జారుతుంది. జూలై, ఆగస్టుల్లో ఎండ మనవాళ్ళకు అలవాటైనదే అనిపించవచ్చు గానీ, గుట్ట మీద చెట్టు నీడ దాదాపు లేదు. తెల్లరాయి మీద పడిన ఎండ కింది నుంచి కూడా ముఖానికి కొడుతుంది. వేడి మరీ ముదిరినప్పుడు సందర్శకుల, సిబ్బంది క్షేమం కోసం మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 5 వరకు మూసేసిన రోజులు ఈమధ్య వేసవుల్లో చాలా ఉన్నాయి. ఆ ప్రకటన ముందురోజో, ఆ ఉదయమో వస్తుంది. కాబట్టి వేసవిలో మధ్యాహ్నపు టికెట్టు కొనకండి.

వేసవిలో ఉదయం 8కి తెరిచి రాత్రి 8కి మూస్తారు. సెప్టెంబరు నుంచి మూసే వేళ మెల్లగా ముందుకు జరుగుతుంది, చలికాలంలో సాయంత్రం 5కే మూసేస్తారు. మూయడానికి అరగంట ముందే లోపలికి పంపడం ఆపేస్తారు. జనవరి 1, మార్చి 25, మే 1, గ్రీకు ఈస్టర్ ఆదివారం, డిసెంబరు 25, 26 తేదీల్లో పూర్తిగా సెలవు. గ్రీకు ఈస్టర్ చాలా ఏళ్ళలో మన క్యాలెండర్లలో ఉండే ఈస్టర్ రోజున రాదు. ఏప్రిల్, మే ప్రయాణమైతే ఆ తేదీని విడిగా చూసుకోండి.

పిరయస్ రేవులో దిగే క్రూయిజ్ ఓడల బృందాలు తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య గుట్టకు చేరతాయి. మధ్యాహ్నం రెండు దాకా రద్దీ తగ్గదు. అందుకే రెండు వేళలే ఎంచుకోదగ్గవి: ఉదయం 8, లేదా మూయడానికి రెండున్నర గంటల ముందు. ఉదయం చల్లగా ఉంటుంది, పార్థెనాన్ తూర్పు ముఖం మీద వెలుగు పడుతుంది. సాయంత్రం పడమటి ముఖం బంగారు రంగుకు తిరుగుతుంది, కానీ కాపలావాళ్ళు ఈలలు వేస్తూ కిందికి పంపుతుంటే తీరిక ఉండదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఉదయమే మంచిది.

టికెట్టు

2023 సెప్టెంబరు నుంచి రోజుకు 20,000 మందినే అనుమతిస్తున్నారు, అదీ గంటల వారీగా. తిరుమల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టులాగే ఇక్కడా తేదీ, వేళ ఎంచుకునే కొనాలి. గ్రీకు సంస్కృతి శాఖ అధికారిక సైట్ హెచ్‌హెచ్‌టికెట్ డాట్ జీఆర్‌లో కొనండి. గూగుల్‌లో వెతికితే పైన కనిపించేవి చాలావరకు దళారీ సైట్లు. అవి అదే టికెట్టుకు ఆడియో గైడ్ ఏదో తగిలించి ఎక్కువ ధర తీసుకుంటాయి.

2025 ఏప్రిల్ నుంచి పూర్తి టికెట్టు 30 యూరోలు, చలికాలంలోనూ అంతే. అంతకుముందు ఏడు చోట్లకు కలిపి ఇచ్చే ఐదు రోజుల టికెట్టు రద్దయింది. పాత వ్యాసాల్లో ఇంకా దాన్నే కొనమని రాసి ఉంటుంది, నమ్మకండి. నవంబరు నుంచి మార్చి వరకు ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం. ఆ రోజు జనం ఎక్కువ. పిల్లలకు, విద్యార్థులకు తగ్గింపు వయసునూ పౌరసత్వాన్నీ బట్టి మారుతుంది కాబట్టి కొనేటప్పుడు సైట్‌లో చూసి, రుజువుగా పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి.

టికెట్టు మీది వేళకు 15 నిమిషాలు ముందు నుంచి 15 నిమిషాలు దాటేవరకే పంపుతారు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మెట్రో దిగగానే చేరినట్టు లెక్కేసుకుంటారు, సెక్యూరిటీ వరుస సంగతి మరిచిపోతారు. టికెట్టు వేళకు అరగంట ముందు గేటు దగ్గర ఉండండి. ఒకసారి బయటికి వస్తే అదే టికెట్టుతో మళ్ళీ లోపలికి పోలేరు. దక్షిణపు వాలు మీది డయోనిసస్ నాటకశాల ఇదే టికెట్టులో ఉంది, దానికి విడిగా కొనకండి. మ్యూజియం టికెట్టు మాత్రం పూర్తిగా వేరు, దాని సైట్ కూడా వేరు.

చేరుకోవడం

భారతీయ పాస్‌పోర్టుకు షెంజెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకు వీసా రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నా, గ్రీన్ కార్డు ఉన్నా, పాస్‌పోర్టు భారత్‌దైతే వీసా తీసుకోవాల్సిందే. హైదరాబాద్ నుంచి దుబాయ్ లేదా దోహాలో విమానం మారి వెళ్ళడం సులువు.

ఏథెన్స్ విమానాశ్రయం నుంచి మెట్రో 3వ లైన్‌లో సింటగ్మా దాకా వచ్చి, 2వ లైన్‌కు మారి ఒక్క స్టేషన్ ముందుకు వెళ్తే అక్రోపోలి. విమానాశ్రయం నుంచి టికెట్టు 9 యూరోలు. మెట్రోలో, అందులోనూ సింటగ్మా, మొనస్తిరాకి స్టేషన్లలో జేబుదొంగలున్నారు. పాస్‌పోర్టు వెనక జేబులో పెట్టుకోకండి.

వెంట ఏం తీసుకెళ్ళాలి, ఏం వద్దు

చెప్పుల సంగతి ముందు చెప్పాలి. కోట్లమంది నడిచి నడిచి ఇక్కడి పాలరాయీ, గుట్ట బండా నున్నబడిపోయాయి. పొడిగా ఉన్నప్పుడే జారతాయి. అడుగున రబ్బరు గట్లున్న బూట్లు వేసుకోండి. హవాయి చెప్పులు, తోలు అడుగున్న శాండల్స్ వద్దు. మడమ సన్నగా ఉన్న హైహీల్స్ రాయిని గుల్ల చేస్తాయని నిషేధించారు. చీరలో వెళ్ళొచ్చు గానీ, కుచ్చిళ్ళు కాస్త పైకి కట్టుకోండి. దిగేటప్పుడు మెట్టు అంచు కనిపించాలి.

పెద్ద బ్యాగులు, వీపున వేసుకునే పెద్ద సంచులు పైకి రానివ్వరు. ప్రధాన గేటు దగ్గర దాచుకునే చోటుంది గానీ, మళ్ళీ అక్కడికే తిరిగి రావాలి కాబట్టి మీ దారి మారిపోతుంది. చిన్న భుజం సంచీ చాలు. తిండి పైన తినకూడదు. మనిషికి లీటరు నీళ్ళు పెట్టుకోండి, పైన నింపుకోవడానికి కొళాయి ఉంది. టోపీ తప్పనిసరి. గాలి ఎక్కువగా ఉంటుంది కాబట్టి దానికి తాడుంటే మంచిది. ట్రైపాడ్, డ్రోన్ అనుమతి లేకుండా కుదరవు. నేల మీది చిన్న రాయినైనా ఏరి జేబులో వేసుకోవడం నేరం.

నడవలేనివాళ్ళు, చక్రాల కుర్చీ వాడేవాళ్ళు ఆగిపోవాల్సిన పని లేదు. ఉత్తరపు అంచున 2020 డిసెంబరు నుంచి కొత్త లిఫ్టు ఉంది. ప్రధాన గేటు దగ్గర అడిగితే తీసుకెళ్తారు. పైన వేసిన కాంక్రీటు బాట మీద కుర్చీ సాఫీగా నడుస్తుంది. ఆ బాట గుట్ట రూపాన్ని చెడగొట్టిందని నిపుణులు చాలామంది తప్పుబట్టారు. కుర్చీలో ఉన్న మనిషి పార్థెనాన్ దాకా వెళ్ళగలుగుతున్నారంటే మాత్రం ఆ బాట వల్లే. గాలి బలంగా వీచినా, ఉరుములు వచ్చినా లిఫ్టు ఆపేస్తారు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఎక్కే వరుస

గేట్లు రెండు. పడమటి గేటు ప్రధానమైనది, బస్సు బృందాలన్నీ అక్కడే దిగుతాయి. ఆగ్నేయపు గేటు అక్రోపోలి మెట్రో నుంచి ఐదు నిమిషాల నడక, మ్యూజియం పక్కనే. ఆగ్నేయపు గేటునే ఎంచుకోండి.

అక్కడ లోపలికి అడుగుపెట్టగానే డయోనిసస్ నాటకశాల కనిపిస్తుంది. ఆగకండి. ఎనిమిదింటికి దొరికే ప్రశాంతత పైన ఒక గంటే ఉంటుంది. దాన్ని కింద ఖర్చు చేస్తే తిరిగి రాదు. దక్షిణపు వాలు వెంట, ఎడమ చేతి వైపు హెరోడెస్ అట్టికస్ కట్టించిన రోమన్ కాలపు నాటకశాలను పై నుంచి చూస్తూ, 15 నుంచి 20 నిమిషాల్లో పడమటి కొసకు చేరతారు.

ప్రొపిలయా. ఇది మ్నెసిక్లిస్ కట్టిన మహాద్వారం, క్రీ.పూ. 437 నుంచి 432 వరకు సాగిన పని. స్పార్టాతో యుద్ధం రావడంతో పూర్తికాలేదు. దాని గోడల వెలుపలి ముఖం మీద అక్కడక్కడా రాయి ఉబ్బెత్తుగా పొడుచుకొచ్చి ఉంటుంది. అవి అలంకారం కాదు. రాళ్ళను ఎత్తేటప్పుడు తాళ్ళు తగిలించడానికి వదిలిన బొడిపెలు, చివర్లో చెక్కేయాల్సినవి. ఇరవై నాలుగు శతాబ్దాలుగా అలాగే ఉండిపోయాయి. కుడివైపు బురుజు మీది చిన్న గుడి ఎథీనా నైకీది. ఒట్టోమన్లు 1686లో ఫిరంగుల దిబ్బ కోసం దాన్ని విప్పేశారు, 1830ల్లో ఆ రాళ్ళతోనే మళ్ళీ నిలబెట్టారు. ద్వారంలో నిలబడి ఫోటోలు తీస్తే వెనక జనం ఆగిపోతారు, దాటి పక్కకు వెళ్ళి చూడండి.

ద్వారం దాటగానే పార్థెనాన్ నేరుగా ఎదురుపడదు, కాస్త ఏటవాలుగా, వాయవ్య మూల నుంచి కనిపిస్తుంది. ఒక్క చూపులో ముందువైపూ పక్కవైపూ రెండూ అందుతాయి. అయితే మీరు చూస్తున్నది గుడి వెనక వైపు. ముఖద్వారం తూర్పున ఉంది. పడమటి ముఖం దగ్గరే ఫోటోలు దిగి వెనుదిరిగేవాళ్ళు గుడి ముందుకు రానట్టే. ఉత్తరం పక్క నుంచి నడిచి తూర్పుకు వెళ్ళండి, ఉదయపు వెలుగు కూడా అక్కడే ఉంటుంది. లోపలికి ఎవరినీ పంపరు. చుట్టూ తిరగడమే.

పార్థెనాన్ దగ్గర కనీసం నలభై నిమిషాలు ఉంచుకోండి. వరుసగా ఇవి గమనించండి.

ముందు కొలతలు. అడుగు వేదిక సుమారు 69.5 మీటర్ల పొడవు, 30.9 మీటర్ల వెడల్పు. అంటే 9కి 4 నిష్పత్తి. గోల్డెన్ రేషియో అని గైడ్లు చెప్పేది ఈ కొలతలకు సరిపోదు. చుట్టూ 46 స్తంభాలు, ఒక్కొక్కటి 10.4 మీటర్ల ఎత్తు, అడుగున 1.9 మీటర్ల లావు.

తర్వాత వంపు. ఏ మూల దగ్గరైనా తాడు బయటే నిలబడి, కొంచెం వంగి, పై మెట్టు అంచు వెంట చివరిదాకా చూడండి. మెట్టు తిన్నగా ఉండదు, మధ్యలో లేచి ఉంటుంది. పొడవు వైపు సుమారు 11 సెంటీమీటర్లు, వెడల్పు వైపు ఆరేడు. అవతలి కొసలో కూర్చున్నవాళ్ళ కాళ్ళు మెట్టు చాటున పోవడం కనిపిస్తే వంపు పట్టుకున్నట్టే. స్తంభాలూ నిటారుగా లేవు, సుమారు 7 సెంటీమీటర్లు లోపలికి వాలాయి. మూల స్తంభాలు మిగతావాటికంటే నాలుగు సెంటీమీటర్లు లావు. ఆకాశం వెనకగా ఉండడంతో అవి సన్నగా కనిపిస్తాయి కాబట్టి అలా కట్టారు. ఈ వంపుల వల్ల దాదాపు ఏ రెండు రాళ్ళూ ఒకే కొలతలో లేవు, ప్రతి రాయినీ దాని చోటుకు సరిపడేలా చెక్కారు. నిజాం కాలపు కట్టడాల్లోనో, మన గుళ్ళలోనో రాతిపని ఎరిగినవాళ్ళకు ఈ శ్రమ ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు.

మూడోది రాయి రంగు. రాయంతా 16 కిలోమీటర్ల దూరంలోని పెంటెలీ కొండ నుంచి వచ్చిన పాలరాయి. అందులోని ఇనుము వల్ల పాతది తేనె రంగుకు తిరిగింది. తెల్లగా మెరిసే ముక్కలు ఇప్పటి మరమ్మతులు, అవీ అదే కొండవి. 20వ శతాబ్దం మొదట్లో బలనోస్ అనే ఇంజినీరు రాళ్ళను ఇనుప బద్దెలతో బిగించాడు. పూర్వీకులూ ఇనుమే వాడారు గానీ, చుట్టూ సీసం పోసి తేమ తగలకుండా చేశారు. బలనోస్ పనిలో ఆ జాగ్రత్త లేదు. ఇనుము తుప్పు పట్టి ఉబ్బి పాలరాయిని పగలగొట్టింది. 1975లో ఏర్పడిన పరిరక్షణ కమిటీ ఆ బద్దెలు తీయించి, టైటానియంవి పెట్టిస్తోంది. పరంజీ కనిపిస్తే నిరాశ పడకండి, అది ఈ పనే. నేల మీద పేర్చిన స్తంభపు దిమ్మెల నడుమ చదరపు గుంట చూడండి. రెండు దిమ్మెలను ఒకే గీతలో కూర్చోబెట్టే చెక్క దిమ్మ కోసం తొలిచింది అది.

పొడవు వైపు మధ్యలోకి వచ్చి చూస్తే 1687 పేలుడు ఎక్కడ తగిలిందో అర్థమవుతుంది. ఉత్తరపు వరుసను 1920ల్లో మళ్ళీ ఎత్తారు. దక్షిణం వైపు ఖాళీ ఇంకా ఉంది.

ఈశాన్య మూలన జెండా స్తంభం ఉన్న అరుగుకు వెళ్ళండి. 1941 మే 30 రాత్రి మనోలిస్ గ్లెజోస్, అపొస్తొలోస్ శాంతాస్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు నాజీ జెండాను ఈ గుట్ట మీంచి దించేశారు. ఇక్కడి నుంచి ఉత్తరాన పాత వీధులు, ఈశాన్యాన లికబెట్టస్ కొండ, ఆగ్నేయాన ఒలింపియన్ జ్యూస్ గుడి స్తంభాలు, దాని వెనక 1896 ఒలింపిక్స్ జరిగిన పాలరాతి స్టేడియం కనిపిస్తాయి.

చివరగా ఎరెక్థియోన్ గుడి, క్రీ.పూ. 421 నుంచి 406 మధ్యది. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా చదును చేయలేదు. ఏథెన్స్ కోసం ఎథీనా, సముద్రదేవుడు పొసైడన్ పోటీపడిన పవిత్రమైన చోటు కాబట్టి ఉన్న నేలనే ఉంచి, గుడిని రెండు మట్టాల్లో కట్టారు. దక్షిణపు వసారాను స్తంభాల్లా మోసే ఆరుగురు రాతి కన్యలు నకళ్ళు. అసలువాటిలో ఐదు కింద మ్యూజియంలో, ఒకటి లండన్‌లో ఉన్నాయి. అందరూ ఈ వసారా చూసి వెళ్ళిపోతారు. ఉత్తరపు వసారా దీనికంటే అందమైనది, దాని తలుపు చుట్టూ ఉన్న చెక్కడం తప్పక చూడండి. పైకప్పులో కావాలని వదిలిన రంధ్రం ఉంటుంది, పొసైడన్ త్రిశూలం దూసుకొచ్చిన దారి అది అని నమ్మిక. పడమర పక్కన ఉన్న ఆలివ్ చెట్టు పాతది కాదు, ఎథీనా చెట్టు ఉన్న చోటని నాటింది.

దిగేటప్పుడు మళ్ళీ దక్షిణపు వాలు పట్టుకోండి. ఇప్పుడు డయోనిసస్ నాటకశాల దగ్గర తీరిగ్గా కూర్చోవచ్చు. ప్రాచీన గ్రీకు నాటకకర్తలు ఎస్కిలస్, సోఫోక్లిస్, యురిపిడిస్‌ల నాటకాలు మొదట ఆడింది ఈ చోటే. ముందు వరుసలోని పాలరాతి ఆసనాలు పూజారులకు, పెద్దలకు వేసినవి. మొత్తం మీద రెండున్నర గంటలు పడుతుంది.

మ్యూజియం

ఆగ్నేయపు గేటు నుంచి బయటికి వస్తే ఎదురుగానే ఉంది. 2009 జూన్‌లో తెరిచారు. ముందు ఏదైనా తినండి. శాకాహారులకు పాలకూర పెట్టిన స్పనకోపిటా, నువ్వులద్దిన కులూరి దొరుకుతాయి. ‘నిస్తీసిమో’ అని రాసి ఉంటే అది ఉపవాసపు వంట, మాంసం, పాలు, గుడ్లు ఉండవు. కానీ రొయ్యలు, ఆక్టోపస్ ఉండొచ్చు, అడిగి తినండి.

లోపల నేరుగా పై అంతస్తుకు వెళ్ళండి, తర్వాత కిందికి దిగుతూ రండి. పై హాలును పార్థెనాన్ దిక్కుకు, కొలతకు సరిపోయేలా కట్టారు. అద్దాల గోడలోంచి గుట్ట ఎదురుగా కనిపిస్తుంది. గంట కిందట మీరు చుట్టి వచ్చిన గుడి చుట్టూ శిల్పాలు ఏ ఎత్తున, ఏ వైపున ఉండేవో ఇప్పుడు కళ్ళకు కడుతుంది. ముందు గుట్ట ఎక్కమన్నది ఇందుకే.

గుడి చుట్టూ తిరిగిన 160 మీటర్ల పట్టీలో ఎథీనా ఉత్సవపు ఊరేగింపు చెక్కారు. నైరుతి మూల దగ్గర మొదలుపెట్టండి. ఊరేగింపు అక్కడే రెండుగా చీలి, ఉత్తరం, దక్షిణం వైపుల నుంచి సాగి తూర్పున దేవతల ముందు కలుస్తుంది. ఇందులో 50 మీటర్లు ఇక్కడ, 80 మీటర్లు లండన్‌లో ఉన్నాయి. తేనె రంగులో ఉన్నది అసలు, తెల్లటి ప్లాస్టర్ ఉన్నది వేరే దేశాల్లోని వాటి అచ్చు. ఒకే గుర్రం తల ఒక చోట, ఒళ్ళు ఒక చోట ఉండడం చూస్తే మనసు కలుక్కుమంటుంది. ఆ బాధ కనిపించాలనే రంగు తేడాను అలాగే ఉంచారు.

కింది అంతస్తులో ఐదుగురు కన్యలను చుట్టూ తిరిగి చూడొచ్చు. వెనక వైపుకు తప్పక వెళ్ళండి. ఒక్కొక్కరిదీ వేరు జడ, వేరు అల్లిక. రెండు గంటలు ఉంచుకోండి. పగలు అలసిపోతే శుక్రవారం టికెట్టు తీసుకోండి, రాత్రి 10 దాకా తెరిచి ఉంటుంది.

సాయంత్రానికి, ఆ తర్వాతకు

పొద్దుగూకే వేళకు గుట్టను దూరం నుంచి చూడడానికి పడమటి గేటు దగ్గరి అరెయోపగస్ బండకు అందరూ వెళ్తారు. ఆ బండ అక్రోపోలిస్ మెట్లకంటే జారుడు, చీకట్లో దిగడం ప్రమాదం. దానికి బదులు నైరుతిన ఉన్న ఫిలొపప్పు కొండ ఎక్కండి. టికెట్టు లేదు, చెట్ల నీడ ఉంది, పార్థెనాన్ పూర్తిగా ఎదురుగా కనిపిస్తుంది. సూర్యాస్తమయానికి ముప్పావు గంట ముందు బయలుదేరితే చాలు.

లండన్‌లో ఉంటున్నవాళ్ళు, లండన్ మీదుగా ఇంటికి వచ్చేవాళ్ళు బ్రిటిష్ మ్యూజియంలో 18వ గది చూడండి, మిగతా సగం అక్కడుంది. ప్రవేశం ఉచితం. అదే భవనంలో 33ఏ గదిలో మన అమరావతి స్తూపపు పలకలున్నాయి. బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించినవి మద్రాసు మీదుగా లండన్ చేరి, 1880లో ఆ మ్యూజియంకు వెళ్ళాయి. పార్థెనాన్ పట్టీ గుర్తుండగానే వెళ్తే, ఊరేగింపునూ గుంపునూ రాతిలో నడిపించిన రెండు తీర్లనూ ఒకే పూటలో పక్కపక్కన పోల్చుకోవచ్చు. గదులు అప్పుడప్పుడు మూసి ఉంటాయి, రెండూ తెరిచి ఉన్నాయో లేదో ముందురోజు మ్యూజియం సైట్‌లో చూసుకోండి.